వేషమునకు వయఃపరిమితియా?

అక్టోబరు 31వ తేదీ రాత్రి అమెరికా, కెనడా దేశముల పురవీధులలో దయ్యములును, మంత్రగత్తెలును, అస్థిపంజరములును ఇల్లిల్లు తిరుగుచుండును. ముసుగు తీసి చూచిన అందరును పసిపిల్లలే. వారు తలుపు తట్టి, "మిఠాయి పెట్టెదరా, కొంటెపని చేయుదుమా?" అని యడుగుదురు. గృహస్థులు నవ్వుచు వారి సంచులలో మిఠాయి వేయుదురు. హాలోవీన్ అను ఈ పండుగలో ఇంతవరకు తగవేమియు లేదు. కాని ఆ ముసుగు క్రింద పదునాఱేండ్ల యువకుడో, నలువదియేండ్ల గృహిణియో, అరువదియేండ్ల తాతయో నిలిచినచో ఏమి చేయవలెను? వారిని శాసనముచే శిక్షింపవలెనని కొందరు, సిగ్గుపఱచి పంపవలెనని కొందరు వాదించుచున్నారు. ఈ రెండు వాదములును నిలువజాలవని మా యభిప్రాయము.

ముందుగా శాసనముల సంగతి చూతము. వర్జీనియా రాష్ట్రమందలి చెసపీక్ నగరము 1970లో ఒక శాసనము గావించెను. 12 ఏండ్లు మించినవారు మిఠాయికై ఇంటింటికి తిరుగుట దాని ప్రకారము నేరము. అందులకు 25 మొదలు 100 డాలర్ల వరకు జుల్మానా, లేదా 6 మాసములకు మించని ఖైదు! లోకము నవ్విన పిమ్మట 2019లో ఖైదును తొలగించి, వయస్సును 14కు పెంచిరి. ఇల్లినాయ్ రాష్ట్రమందలి బెల్విల్ పురము 2008లో ఎనిమిదవ తరగతి దాటినవారిని నిషేధించెను. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రపు బాథరస్ట్ పురము తన 14 ఏండ్ల హద్దును 2017లో 16కు జరిపెను. ఒకచోట 12, ఒకచోట 14, వేఱొకచోట 16! ఏ పుట్టినదినమున వినోదము నేరముగా మారునో ఈ శాసనకర్తలకే పొత్తు కుదరలేదు. పోలీసుజవాను ముసుగు తొలగించి జన్మపత్రిక నడుగునా? ఈ శాసనము క్రింద ఎవరిని ఖైదు చేయలేదని చెసపీక్ నగరమే చెప్పుకొన్నది. అమలుజరుప మనసొప్పని శాసనము దేశమునకు మేలు చేయదు సరిగదా, తక్కిన శాసనముల గౌరవమును సైతము తగ్గించును.

ఒంటరిగా నుండు వృద్ధులును, స్త్రీలును రాత్రివేళ ఆజానుబాహుని చూచి భయపడుదురని ప్రతిపక్షులందురు. ఆ భయము నిజమైనదే. దానిని మేము తేలికగా చూడము. కాని భయమునకు హేతువు ప్రవర్తనము, అకాలము, వయస్సు కాదు. బెదిరించుట, ఆస్తి పాడుచేయుట ఏ వయస్సువాడు చేసినను ఇదివరకే నేరములు. ఇంతేగాక ఆ దేశమున ఒక మంచి యాచారము కలదు. వాకిట దీపము వెలుగుచున్నచో రండని యర్థము. ఆఱియున్నచో తట్టవలదని యర్థము. తలుపు తీయుటయు, తీయకుండుటయు గృహస్థుని స్వాతంత్ర్యము. ఆ స్వాతంత్ర్యము దీపపు మీట యొద్దనే యుండగా, దానిని పురపాలక సంఘము చేతికిచ్చుట యేల?

చరిత్రను విచారించినను వయోనియమమునకు ఆధారము కానరాదు. మధ్యయుగమున ఇంగ్లండునందు నవంబరు 2వ తేదీన బీదలు ఇల్లిల్లు తిరిగి, మృతుల యాత్మలకై ప్రార్థించెదమని చెప్పి, చిన్న రొట్టెలు పుచ్చుకొనెడివారు. ఆకలికి వయస్సు లేదు గనుక ఆ యాచారమునకును వయస్సు లేకుండెను. స్కాట్లండునందు వేషధారులు పాటయో, పద్యమో వినిపించిన పిమ్మటనే పండ్లు, కాసులు బహుమానముగా పొందెడివారు. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున బ్లాకీ గ్రామమునుండి 1927లో వెలువడిన వార్తలో "ట్రిక్ ఆర్ ట్రీట్" అను మాట కన్పట్టుచున్నది. 1930 తరువాతి దశకములో ఎదిగిన కుఱ్ఱలు ఆ రాత్రి కంచెలు విఱిచి, కిటికీలు పగులగొట్టి నగరములకు తలనొప్పి తెచ్చిపెట్టగా, వారిని మచ్చిక చేయుటకే గృహస్థులును, పురప్రముఖులును మిఠాయిలు పంచు పద్ధతిని ప్రోత్సహించిరి. 1947లో అమెరికాలో చక్కెర రేషను తొలగినపిమ్మట అది దేశమంతట వ్యాపించినది. ఎవరి కొంటెతనమును మాన్పుటకు ఈ పద్ధతి వర్ధిల్లెనో, ఆ కుఱ్ఱలనే నేడు వాకిటనుండి తరుముట ఏమి వివేకము? వీధిలో మిఠాయి సంచితో తిరుగు పదునాఱేండ్లవాడు ఆ రాత్రి అంతకంటె చెడ్డ చోటున లేడని తలిదండ్రులు సంతోషింపవలదా?

ఇక సిగ్గు మాట. ఎడిసన్‌లోను, డల్లాసు పరిసరములలోను నివసించు మన తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న దూరపుది కాదు. పదునైదవ యేట ఆ దేశము చేరిన బాలునకు అది తొలి హాలోవీన్. మనుమలను చూడబోయిన తాతకును అదే తొలి హాలోవీన్. బాల్యమున దొరకని వేడుక పెద్దతనమున దొరికిన తప్పేమి? సంక్రాంతినాడు తలపై అక్షయపాత్ర దాల్చి వచ్చు హరిదాసును మన తల్లులు ఏ వయస్సని యడిగిరి? పగటివేషగాండ్రు అర్ధనారీశ్వర వేషముతో వాకిట నిలిచినపుడు, "ఇంత పెద్దవాడవు, వేషమేల?" అని యెవరైన గద్దించిరా? వారు తమ విద్యను చూపిరి. మనము బియ్యము పెట్టితిమి. ఇచ్చినవాడు గొప్పవాడు కాలేదు, పుచ్చుకొన్నవాడు తక్కువవాడు కాలేదు.

మఱియొక సంగతి. దేహము ఎదిగియు మనస్సు పసిదిగా నిలిచినవారు కొందరు కలరు. మాటలు రానివారు కొందరు కలరు. అట్టివారిని గుర్తించుటకై ఆటిజము గల పిల్లలకు నీలపు బుట్టలిచ్చు వాడుక ఇటీవల పుట్టినది. తలిదండ్రుల యుద్దేశము మంచిదే. కాని ఒక చిన్న చాక్లెట్టు కొఱకు తన లోపమును వీధివారికి చాటవలసిన దుస్థితి ఎవరికేల రావలెను? వయస్సు అడుగకుండుటయే గృహస్థుడు చేయదగిన మర్యాద.

అయినను పెద్దలకు హక్కుతోపాటు విధియు కలదు. పిల్లవాడు ఊరక చేయి చాపవచ్చును. వాని ముఖమే వాని కానుక. పెద్దవాడు వట్టి చేతులతో, వేషము లేక, మూట నింపుకొనుటకు వచ్చినచో అది వేడుక కాదు, పేరాస. అతడు మంచి వేషము వేయవలెను, ఒక పాటో, ఒక హాస్యమో వినిపింపవలెను, పసివారిని ముందు పోనీయవలెను, ప్రొద్దుపోకముందే ముగింపవలెను, ఇచ్చినది చాలుననవలెను. పరులకొఱకు అడుగుట మఱియు శ్రేష్ఠము. 1950లో ఫిలడెల్ఫియా నగర పరిసరములలో కొందరు పిల్లలు ఖాళీ పాలపెట్టెలు పట్టుకొని యూనిసెఫ్ సంస్థకై 17 డాలర్లు ప్రోగుచేసిరి. అదియే దేశవ్యాప్తమైన ఉద్యమమైనది. పిల్లలు చూపిన ఈ మార్గము పెద్దలకు అసాధ్యమా?

కావున "నాకు వయస్సు మించినదా?" అని సందేహించు పెద్దలతో మేము చెప్పునది ఇది: అడుగుటకు నీ వయస్సెంత యని కాదు, వాకిట నిలిచి ఇచ్చుటకు నీయొద్ద ఏమున్నదని ప్రశ్నించుకొనుము. ఏమియు లేనిచో ఇంటనుండి దీపము వెలిగించి పిల్లలకు మిఠాయి పంచుము. ఉన్నచో వేషము కట్టి నిర్భయముగా బయలుదేఱుము. పురపాలక సంఘములు వీధిదీపములను చక్కబెట్టుకొనునుగాక! నవ్వునకు వయఃపరిమితి నిర్ణయించు నధికారము వారికి ప్రజలు ఏనాడును ఈయరాదు.