వాళ్ల పేర్లు మన దగ్గరున్న అమానత్



జనవరి 26, ఆగస్టు 15 వచ్చాయంటే మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు ఫొటోలు తప్పకుండా తిరుగుతాయి. ఒకటి 1965 జంగ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులను పేల్చి ప్రాణమిచ్చిన హవల్దార్ అబ్దుల్ హమీద్ సాబ్‌ది. రెండోది 1948 జూలై 3న ఝంగర్‌లో షహీద్ అయిన బ్రిగేడియర్ ఉస్మాన్ సాబ్‌ది. కింద ఎవరో ఒకరు రాస్తారు: “మా వఫాదారీకి ఇంకేం సబూత్ కావాలి?”

ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆ వరుస నచ్చదు. పోయినవాళ్లను ఏడాదికి రెండుసార్లు గవాహీకి పిలుస్తున్నాం, మర్నాడు మర్చిపోతున్నాం. ఉస్మాన్ సాబ్ ఢిల్లీలో జామియా మిల్లియా దగ్గరి ఖబ్రస్తాన్‌లో ఉన్నారు. 2020 డిసెంబర్‌లో ఆయన సమాధి పలక పగిలి ఉందని పత్రికల్లో వచ్చింది. ఫౌజ్ బాగుచేయించింది. ఖబ్రస్తాన్ మనది, ఫికర్ పడింది ఫౌజ్!

యాద్‌గార్ అంటే ఎలా ఉండాలో చెప్పడానికి నాకు గుర్తొచ్చేది ఇంగ్లండ్‌లోని వోకింగ్. అక్కడి షాజహాన్ మస్జిద్ 1889 నాటిది, భోపాల్ బేగం సాహెబా ఇచ్చిన సొమ్ముతో కట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో మరణించిన హిందుస్తానీ ముస్లిం సిపాయిలకు మన తరీఖాలో కఫన్ దఫన్ జరగడం లేదని జర్మన్లు ప్రచారం చేశారు. మస్జిద్ ఇమామ్ సాబ్ కూడా పట్టుబట్టారు. దాంతో సర్కార్ దగ్గర్లోనే ఖబ్రస్తాన్ కట్టించింది. తర్వాత దాన్ని దుండగులు పాడుచేస్తుంటే 1969లో ఆ సమాధులను బ్రూక్‌వుడ్‌కు మార్చారు. గోడలు మిగిలాయి, లోపల పిచ్చిమొక్కలు పెరిగాయి.

తర్వాత ఆ ఊరివాళ్లు, స్థానిక సంస్థలు పూనుకుని దాన్ని తోటగా మార్చారు. 2015లో తెరిచారు. ఒకప్పుడు అక్కడ పడుకున్న 27 మంది కోసం 27 హిమాలయ భూర్జ వృక్షాలు నాటారు. రాతి మీద పేర్లు చెక్కారు. విగ్రహం లేదు, తుపాకీ లేదు. మనిషికో చెట్టు, మనిషికో పేరు.

“వాళ్లు అంగ్రేజుల కోసం కదా పోరాడింది, ఉస్మానీ ఖిలాఫత్ మీదికి కూడా వెళ్లారు కదా” అని కొందరు బుజుర్గ్‌లు అడుగుతారు. సవాల్ సరైనదే. ఆ మాటా దాచొద్దు. 1915 ఫిబ్రవరిలో సింగపూర్‌లో తిరగబడిన సిపాయిల్లో ఎక్కువమంది ముస్లింలే. 47 మందిని బహిరంగంగా కాల్చి చంపారు. వాళ్లూ మనవాళ్లే. జంగ్‌ను పొగడడం వేరు, జంగ్‌లోకి పోయిన ఇంటి బిడ్డను యాద్ చేయడం వేరు. నియ్యత్ అల్లాహ్‌కు తెలుసు. జీతం కోసం, చెల్లెలి షాదీ కోసం వెళ్లినవాడి హిసాబ్ మన చేతిలో లేదు. అతని పేరు మాత్రం మన చేతిలో ఉంది.

మన దగ్గర తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. ఇంటింటా ఫౌజీలుండే ఊరు కాబట్టి మిలిటరీ మాధవరం అయ్యింది. ఆ ఊరివాళ్లు ఆ పేరును గర్వంగా చెప్పుకుంటారు. మరి మన మొహల్లాల సంగతేంటి? 1941 డిసెంబర్‌లో జపాన్ ఫౌజ్ మలయాలో కోట బారు మీద పడినప్పుడు అక్కడి విమానాశ్రయాన్ని కాపలా కాసింది నిజాం రియాసత్‌కు చెందిన హైదరాబాద్ పటాలం. ఆ పటాలం పేరైనా మన పిల్లల్లో ఎందరికి తెలుసు? “మా పర్‌దాదా మిలిట్రీలో చేశారట” అనే ఆ “అట” దగ్గరే మన తారీఖ్ ఆగిపోతోంది.

పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించినవాళ్ల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. మన సిపాయిలు చాలామందికి అబ్బా పేరు, ఊరు, జిల్లా కూడా రాసి ఉంటాయి. చదువుకునే పిల్లలకు ఈ పని ఇవ్వండి. సందూక్ అడుగున ఉన్న మెడల్, పెన్షన్ కాగితం ఫొటో తీయండి. నానీ, దాదీ చెప్పే మాట ఫోన్లో రికార్డు చేయండి. వెళ్లినవాడి కథ ఒక్కటే కాదు, మనీయార్డరు కోసం ఎదురుచూసిన బేవా కథ కూడా.

విగ్రహాలు మన తరీఖా కాదు, సమాధుల మీద ఆడంబరమూ వద్దు. వాళ్ల పేరిట ఒక బోరు వేయించండి, మద్రసా దగ్గర నాలుగు వేప చెట్లు నాటండి, చిన్న లైబ్రరీ పెట్టండి. సదఖా-ఎ-జారియా అవుతుంది. పక్కన ఒక తఖ్తీ మీద పేర్లు తెలుగులో, ఉర్దూలో రాయండి. అదే ఊరి హిందూ, క్రైస్తవ ఫౌజీల పేర్లూ రాయండి. ఒకే కందకంలో ఉన్నవాళ్లను మనం తఖ్తీ మీద విడదీయొద్దు.

ఎవరికో చూపించడానికి కాదు. ఎవరూ అడగకపోయినా చేయాల్సిన పని ఇది. వచ్చే జుమా తర్వాత మస్జిద్ కమిటీతో ఒక్కసారి మాట్లాడి చూడండి. అల్లాహ్ మర్హూమీన్ అందరి మగ్‌ఫిరత్ చేయుగాక. ఆమీన్.