గీత పడ్డాక ఏమిటి?

వేలికొన మీద చిన్న గుచ్చు, పట్టీ మీద ఒక బొట్టు రక్తం, ఆపైన రెండు చుక్కల ద్రావణం. ఇరవై నిమిషాల్లో ఒక గీతో, రెండు గీతలో తేలిపోతుంది. హెచ్‌ఐవీకి, హెపటైటిస్‌-సికి ఇంత తేలిక పరీక్ష ఉన్నా గడప తొక్కడానికి జంకేవారే ఎక్కువ. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవీ దేశ సగటు 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. జంకుతూ కూర్చునే స్థితిలో మనం లేము.

రెండో గీత పడగానే గుండె జారిపోనక్కర్లేదు. హెచ్‌ఐవీని మూడు వేర్వేరు కిట్లతో చూశాకే నిర్ధారిస్తారు. హెపటైటిస్‌-సితో చిక్కు ఇంకాస్త ఎక్కువ. పట్టీ పసిగట్టేది ప్రతిరక్షకాలనే కాబట్టి, జబ్బు ఎప్పుడో నయమైనవారికీ గీత పడుతుంది. వైరస్‌ ఇంకా ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెప్పాలి. మనుషులు జారిపోయేది సరిగ్గా ఇక్కడే. ‘వచ్చే వారం పెద్దాసుపత్రికి రండి’ అంటే, కూలి పోగొట్టుకుని మళ్లీ వచ్చేదెందరు? క్షయ కోసం కొన్న జీన్‌ఎక్స్‌పర్ట్‌ యంత్రమే, తగిన కార్ట్రిడ్జ్‌ పెడితే, రెండు గంటల్లోపు ఆ సంగతీ తేల్చగలదు. దాన్ని కఫం పరీక్షలకే కట్టిపడేయడం అర్థంలేని పొదుపు. ఆరోగ్యశాఖలు ముందు ఈ పని చూడాలి.

హెపటైటిస్‌-సి మందులు 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితం. చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. హెచ్‌ఐవీ మందులూ ఉచితమే. సమ్మతి, గోప్యతలకు 2017 నాటి చట్టం అండగా ఉంది. హెచ్‌ఐవీపై సందేహముంటే 1097కు ఫోన్‌ చేయండి, పైసా ఖర్చు లేదు.