ఎవరి జాతికి ఈ జాతీయ కప్పు?

క్రీడలకును రాజకీయములకును సంబంధము లేదని బోధించువారు సాధారణముగా రాజ్యము తమ చేతిలో నున్నవారే. పాలితులకు అట్టి నిశ్చింత లభింపదు. వారికి ఆటస్థలమున నిలుచు చోటు సహితము ఒకరు అనుగ్రహింపవలసినదే. ఆ అనుగ్రహమునకు మూల్యము వేరొక చోట చెల్లింపవలసినదే. 1956-57 నాటి ఫ్రెంచి జాతీయ ఫుట్‌బాలు కప్పు పోటీల చరిత్ర ఈ సత్యమును కన్నులకు గట్టినట్లు చూపుచున్నది. ఆ యేట కప్పును గెలిచినది తూలూజ్ నగరపు జట్టు. కాని నిజముగా పరీక్షకు నిలిచినది ఆటగాండ్ర నైపుణ్యము కాదు. ఫ్రెంచిజాతి యను మాటకు ఎల్ల లెక్కడ నను ప్రశ్న.

ఈ కప్పు పుట్టుకయే జాతీయభావముతో ముడివడియున్నది. మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండగనే, 1915లో రణరంగమున నిహతుడైన క్రీడాసంఘ నాయకుడు షార్ల్ సీమోన్ స్మారకముగా 1917-18లో దీనిని నెలకొల్పిరి. తొలియేట పాల్గొన్నవి 48 జట్లు. పద్ధతి అతి సరళము. చీట్లు తీసి జోడీలు గట్టుదురు. ఓడిన జట్టు తొలగిపోవును, గెలిచిన జట్టు పై మెట్టు నెక్కును. పల్లె జట్టునకు రాజధాని జట్టు ఎదురుపడవచ్చును. పగలెల్ల కర్మాగారమున శ్రమించినవాడు, ఆటయే వృత్తియైనవానిని ఓడింపవచ్చును. 1927 మొదలుగా దేశాధ్యక్షుడే తుదిపోటీకి విచ్చేయు సంప్రదాయ మేర్పడినందున, ఇది క్రీడాసంఘపు పోటీ మాత్రమే గాక గణరాజ్యము తన్ను తాను చూచుకొను ఉత్సవ మైనది. అల్పునకును అధికునకును సమానమైన తొంబది నిమిషములు! ఈ పోటీ ఆకర్షణ యంతయు అందే యున్నది. దాని ధర్మమును అదియే.

1830లో సైన్యబలముతో ఆక్రమించిన ఆల్జీరియాను ఫ్రాన్సు తన వలసరాజ్యముగా జెప్పుకొనలేదు. అది మా దేశములోని భాగమే, సముద్రమున కావలి జిల్లాలే యని చెప్పుకొనెను. 1954-55 క్రీడాసంవత్సరమున ఉత్తరాఫ్రికా జట్లకు ఈ కప్పు ద్వారములు తెరచిరి. కాకతాళీయమో, విధివిలాసమో, ఆల్జీరియా స్వాతంత్ర్యయుద్ధము 1954 నవంబరు 1వ తేదీననే ప్రారంభమైనది. ఒకవంక ఫ్రెంచివారు తమ కప్పు పోటీల పట్టికలో ఆల్జీరియాను జేర్చుకొనుచుండగా, వేరొకవంక ఆల్జీరియనులు ఫ్రెంచి పటమునుండి తమ దేశమును వేరుచేసికొన బూనుకొనిరి.

పట్టికలో జేర్చుట మాత్రమున సమానత్వము సిద్ధించునా? 1947 శాసనము ననుసరించి ఏర్పడిన ఆల్జీరియా శాసనసభలో 120 స్థానములు. అందు 60 ప్రధానముగా ఐరోపా సంతతివారివి; తక్కిన 60 ముస్లిము ప్రజలవి. వినుటకు ఇది సమభాగమే. కాని మొదటివారి సంఖ్య సుమారు పది లక్షలు. రెండవవారి సంఖ్య ఎనుబది లక్షలకు పైబడినది. అనగా ఒకని ఓటు ఎనమండుగురి ఓట్లతో సమానము. ఇది చాలక, 1948 ఎన్నికలలో అధికారులు జరిపిన అక్రమములు చరిత్రప్రసిద్ధములు. బంతియాటలో ఇరుపక్షముల పదునొకండుగురేసి నిలుతురు. ఒక పక్షమున ఎనుబది యెనమండుగురు వచ్చినను పదునొకండుగురుగనే లెక్కింతు మని ఏ రెఫరీయైన పలికినచో ప్రేక్షకులు నవ్విపోదురు. అట్టి న్యాయమే శాసనసభలో నూరేండ్ల నాగరికతగా చెల్లుబడి యయ్యెను.

ఇట్టి స్థితిలో 1957 ఫిబ్రవరి మొదటి వారమున ఒక ఆశ్చర్యము జరిగెను. ఆల్జియర్సు నగరపు ఎగువభాగమైన ఎల్ బియారు జట్టు తూలూజ్ క్రీడాంగణమున రీమ్స్ జట్టును 2-0 గోలులతో ఓడించెను. రీమ్స్ సామాన్యపు జట్టు కాదు. అంతకు ముందటి జూన్ నెలలోనే ఐరోపా క్లబ్బుల కప్పు తుదిపోటీలో రియల్ మాడ్రిడ్ తో హోరాహోరీగ పోరాడి 4-3 గోలులతో మాత్రమే ఓడిన జట్టది. అట్టి మహాబలుని ఒక సముద్రాంతర నగరభాగపు చిన్న జట్టు ఇంటికి బంపినది. ఆల్జీరియా ఫ్రాన్సు ఏకాంగములే యని వాదించువారికి ఇంతకన్న మంచి దృష్టాంత మేమి కావలెను?

కాని ఆ వారమున ఆల్జియర్సున జరుగుచున్న దేమి? జనవరిలో ఆ నగరపు రక్షకాధికారమును జనరల్ మాస్యూ యొక్క పారాచూటు దళములకు అప్పగించిరి. జనవరి 28న విముక్తి సమితి ఎనిమిది దినముల హర్తాళము నకు బిలుపు నిచ్చెను. సైనికులు అంగళ్ల తలుపులు పగులగొట్టి, ఇండ్లనుండి జనులను లాగుకొనిపోయి హర్తాళమును భంగపరచిరి. ఫిబ్రవరి 10న నగరములోని రెండు క్రీడాంగణములలో బాంబులు ప్రేలి, ఆట చూడవచ్చిన నిరపరాధులు మరణించిరి. ఆ రెంటిలో నొకటి ఎల్ బియారు క్రీడాంగణమే. మార్చి 23న న్యాయవాది ఆలీ బూమెన్జెల్ అదే ఎల్ బియారున సైనికుల నిర్బంధములో మరణించెను. ఆత్మహత్య యని ఆనాడు ప్రకటించిరి. హింసించి చంపితి మని ఫ్రాన్సు దేశాధ్యక్షుడు ఒప్పుకొనుటకు 2021 రావలసివచ్చెను. జూన్ నెలలో పట్టుబడిన యువ గణితశాస్త్రజ్ఞుడు మోరిస్ ఓదాన్ ఆ ఎల్ బియారునుండి తిరిగి రానేలేదు. ఆ దోషమును రాజ్యము 2018లో అంగీకరించెను. ఫ్రెంచి ప్రజలకు ఎల్ బియారు ఆ శీతకాలమున ఒక జట్టు పేరు. ఆల్జియర్సు ప్రజలకు అది చిత్రహింసల కొట్టు పేరు.

ఇచట మరియొక సంగతి గమనింపదగును. ఎల్ బియారు జట్టు ప్రధానముగా ఐరోపా సంతతివారిది. ముస్లిము జట్లలో పెక్కులు 1956లోనే అధికార పోటీలనుండి విరమించుకొనియుండెను. మన దేశమున 1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు ఐ.ఎఫ్.ఎ. షీల్డు తుదిపోటీలో ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును 2-1 గోలులతో జయించినపుడు, ఆడినవారును పొంగినవారును ఒకే జనులు. ఎల్ బియారు విజయము రూపమున అట్టిదే గాని సారమున వేరు. చిన్నది పెద్దదానిని గెలిచెను, నిజమే. కాని గెలిచిన చిన్నదానియందు ఆ నేల జనులలో అధికసంఖ్యాకులకు భాగము లేదు. విజయమును చూచి పరవశులగుటకు ముందు విజేత యెవరో విచారించుట వివేకము.

తుదిపోటీ మే 26న పారిస్ పొంత కొలోంబ్ క్రీడాంగణమున జరిగెను. తూలూజ్ ఆరు గోలులు చేసెను, ఆంజే మూడు. అధ్యక్షుడు రెనే కోతీ అధికారపీఠికపై ఆసీనుడై యుండెను. ఆల్జీరియా శాసనసభకు పూర్వము ఉపాధ్యక్షుడుగ నుండి ఫ్రెంచి పక్షమును గట్టిగా సమర్థించుచుండిన ఆలీ షెక్కాల్ కూడ ఆహూతులలో నుండెను. ఆట ముగించుకొని వెలుపలికి వచ్చుచున్న ఆయనను మొహమ్మద్ బెన్ సాదోక్ అను ఆల్జీరియా యువకుడు తుపాకితో కాల్చి చంపెను. హంతకునకు యావజ్జీవ శిక్ష పడెను. అతని విచారణలో తత్త్వవేత్త జాన్ పాల్ సార్త్ర్ సాక్ష్యమిచ్చెను.

ఈ హత్యను మేము ప్రశంసింపజాలము. అహింసను ఆయుధముగ గైకొని స్వరాజ్యము సాధించిన జాతికి, ఆట చూడవచ్చినవానిని పొంచియుండి చంపుట శౌర్యముగ దోపదు; క్రీడాంగణములలో బాంబు లుంచుట అంతకన్న తోపదు. కాని కార్యమును గర్హించినంతనే కారణము మాసిపోదు. ఓటుపెట్టె మూతపడిన చోట తుపాకి మాటలాడుట మొదలిడును. ఆ మూత వేసినవారికి ఆ ధ్వని వినవచ్చినపుడు మాత్రమే ఆశ్చర్యము గలుగుట విచిత్రము.

ఆ దినమున కప్పు నందుకొన్న తూలూజ్ జట్టున సైద్ బ్రాహిమీ, అబ్దుల్ హమీద్ బూషూక్ అను ఇరువురు ఆల్జీరియనులు ఉండిరి. ఫ్రెంచిజాతి ఏకత్వమునకు వారికంటె సజీవమైన సాక్ష్య మేది? ఆ సాక్ష్యము పదునొకండు మాసములు నిలువలేదు. 1958 ఏప్రిలున ఫ్రాన్సు క్లబ్బులలో ఆడుచున్న ఆల్జీరియా క్రీడాకారులు కొందరు రహస్యముగా సరిహద్దులు దాటి ట్యునీషియా చేరి, విముక్తి సమితి జట్టుగా నిలిచిరి. బ్రాహిమీ, బూషూక్ ఇరువురును అందున్నారు. మొనాకో జట్టు రక్షకుడు ముస్తఫా జీతూనీ, సేంటెటియెన్ జట్టు యువకుడు రషీద్ మెఖ్లూఫీ కూడ వెళ్లిరి. ఈ తుదియిరువురు ఫ్రెంచి జాతీయజట్టున ఆడినవారు. కొలది వారములలో స్వీడనున జరుగనున్న ప్రపంచకప్పులో ఫ్రాన్సు పక్షమున నిలువదగినవారు. ధనము, కీర్తి, ప్రపంచవేదిక, అన్నిటిని త్యజించి వారు గైకొన్నది ఇంకను రాజ్యములేని ఒక పతాకము. దారిలో పట్టుబడినవాడు చెర ననుభవించెను. అంతర్జాతీయ ఫుట్‌బాలు సంఘము ఆ జట్టును గుర్తింపలేదు. దానితో ఆడువారిని శిక్షింతు మని బెదరించెను. అయినను వారు అరబ్బు దేశములలోను, తూర్పు ఐరోపాలోను, చైనా, వియత్నాములలోను 1962 వరకు ఆడుచునే యుండిరి. ఆల్జీరియా స్వతంత్ర మగుటకు నాలుగేండ్లు ముందే దానికి ఒక జాతీయజట్టు గలదు!

రాజకీయము క్రీడను చెరచె నని అప్పుడు విలపించినవారు గలరు. వారి నడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఆల్జీరియా జట్లను పట్టికలో జేర్చి దానిని దేశైక్యమునకు నిదర్శనముగ జూపినది రాజకీయము కాదా? పాలకుడు చేసిన పని సంప్రదాయమనియు, పాలితుడు చేసిన పని రాజకీయమనియు పేరిడుట సామ్రాజ్యముల నిఘంటువున మాత్రమే చెల్లును.

క్రీడకు దోష మంటగట్టుట మా యుద్దేశము కాదు. స్వాతంత్ర్యానంతరము మెఖ్లూఫీ తిరిగి సేంటెటియెన్ చేరెను. 1968 మే 12న అదే కప్పు తుదిపోటీలో బోర్డోపై తన జట్టు సాధించిన 2-1 విజయమున రెండు గోలులును అతనివే. ఫ్రెంచి ప్రేక్షకులు అతనికి జేజేలు పలికిరి. పదేండ్ల క్రిందట పలాయితుడని దూషింపబడినవాడే అప్పుడు వీరుడయ్యెను. మారినది అతని ఆట కాదు. అతడు నిలిచిన భూమిక. బలవంతముగ తమ్ముడని పిలువబడినపుడు వీడిపోయినవాడు, స్వతంత్రుడై మిత్రునివలె తిరిగి వచ్చెను. ఇంతకన్న నిర్మలమైన తీర్పును ఏ న్యాయస్థానము చెప్పగలదు?

నేటికిని ఆ కప్పు పోటీలలో రెయూన్యోన్, మార్టినీక్, న్యూ కాలెడోనియా మొదలగు దూరద్వీపముల జట్లు పాల్గొనుచున్నవి. 2020 జనవరిలో రెయూన్యోనుకు జెందిన సేంపియెర్ జట్టు ఫ్రాన్సు గడ్డపై న్యోర్ జట్టును 2-1తో ఓడించి చివరి 32 జట్లలో నిలిచినపుడు లోకము సంతోషించెను, మేమును సంతోషించితిమి. కాని 2024 మే నెలలో న్యూ కాలెడోనియా అట్టుడికినది బంతి కొరకు కాదు; ఓటర్ల పట్టికలో ఎవరెవరుండవలె నను వివాదము కొరకు. 1957 నాటి ప్రశ్నకు పూర్తి సమాధాన మింకను వ్రాయబడలేదు.

కప్పు పోటీ తన వంతు ధర్మమును నెరవేర్చుచునే యున్నది: అల్పునకు అధికునితో సమానమైన కాలమును, సమానమైన నియమములను ఇచ్చుచున్నది. తొంబది నిమిషములు మాత్రమే దాని అధికారము. తక్కిన సంవత్సర మంతయు అట్టి సమానత్వము నొసగవలసినది రాజ్యము. అది రాజ్యము చేయనిచోట, చీట్లు తీసి జట్లను జతపరచినంత మాత్రమున జనులు జతపడరు. జాతి యనునది పోటీల పట్టికలో వ్రాయు పేరు కాదు. తనంత తాను చేరినవారి సమ్మతి. ఆ సమ్మతి లేని యెడల ఎంతటి బంగారు కప్పైనను రిత్తపాత్రమే.