'డూ ది నీడ్‌ఫుల్' - మన 'తగు చర్య'

కార్యాలయ లేఖల చివర 'ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్' అను ఆంగ్లపు పలుకుబడి మనకు చిరపరిచితము. ఇది భారతీయులు కల్పించుకొన్న తప్పుడు ఇంగ్లీషని పరిహసించువారు పెక్కుమంది కలరు. ఆ పరిహాసము చరిత్ర నెరుగనిది. ఈ ప్రయోగము బ్రిటిషువారిదే. 19వ శతాబ్దమున వారి వ్యవహారమున చెల్లినదే. అచ్చట క్రమముగా మాసిపోయినది. ఇచ్చట కచేరీలలోను, వర్తకుల ఉత్తరములలోను నిలిచినది. పుట్టినిల్లు మరచిన మాటను మెట్టినిల్లు దాచుకొనుట భాషలయందు వింత కాదు.

నా ఆక్షేపణ ఆ ఆంగ్లముపై కాదు, దానికి మనము చేసికొన్న తెలుగుపై. 'తగు చర్య తీసికొనవలసినదిగా కోరుచున్నాను' అని వ్రాయుచున్నాము. ఇందు 'తగు' మనదే, చక్కనిది. 'చర్య' యన్నచో సంస్కృతమున నడవడి, ఆచరణము. దినచర్య, బ్రహ్మచర్యములలో ఆ యర్థమే కలదు. దానిని 'తీసికొనుట' మాత్రము 'టేక్ యాక్షన్' నకు నీడ. అంతటితో ఆగలేదు. 'గుమాస్తాపై చర్య తీసికొనిరి' అన్నచో శిక్షించిరని తప్ప వేరర్థము తోచదు. 'నా అర్జీపై తగు చర్య తీసికొనుడు' అని వ్రాయు రైతు కోరునది శిక్ష కాదు గదా!

హిందీలోని 'ఉచిత కార్రవాయీ'కిని ఈ చిక్కే కలదు. తమిళులకు 'ఆవన సెయ్యుమాఱు' కోరుట అను పలుకుబడి కలదు. 'ఆవన' అనగా కావలసినవి. అందలి ధాతువు మన 'అగు'నకు తోబుట్టువు. ఆ పలుకుబడిలో 'చర్య' వంటి నామముతో పని పడలేదు. మనకును 'తగినది చేయగోరెదను' అను సొంత పలుకుబడి ఉండనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము 1966లో వచ్చినది. అటుపిమ్మట లిపి తెలుగైనను కచేరీ వాక్యము పెక్కుచోట్ల ఆంగ్లముననే ఆలోచించుచున్నది.

అడుగువాని మాటలో అస్పష్టత కొంత యుండవచ్చును. ఉపాయమును అధికారికి విడుచుట మర్యాదయే. బదులిచ్చువానికి అది తగదు. 'తగు చర్య నిమిత్తము పంపబడినది' అను సమాధానమున ఎవరు, ఏమి, ఎప్పటిలోగా అను మూడును లేవు. పింఛను కొరకు అర్జీ పెట్టిన వృద్ధురాలికి దానివలన తెలియునది, కాగితము ఒక బల్లనుండి మరొక బల్లకు పోయినదని మాత్రమే. చేయువాని హోదాయు, గడువును ఆ వాక్యమున చేర్చుటకు ఒక పంక్తి చాలును. నిఘంటుకర్తలు సైతము 'చర్య' క్రింద ఈ శిక్షార్థమును వేరుగా చూపవలెను.