చదివితేనే తెరుచుకునే గుడి

తొలకరి పడగానే ఎర్రటి ఆరుద్ర పురుగుల్ని ఏరి అగ్గిపెట్టెలో దాచుకునే పిల్లలు ఉట్నూర్‌లోనూ ఉంటారు, ఊరూరా ఉంటారు. వాళ్లకి పోకెమాన్ ఆట గురించి వేరే చెప్పక్కర్లేదు. జపాన్‌లో సతోషి తాజిరి చిన్నప్పుడు ఇలాగే పురుగులు పట్టుకుంటూ తిరిగాడు. పెద్దయ్యాక ఆ సరదానే వీడియోగేమ్‌గా మార్చాడు. 1996 ఫిబ్రవరిలో మొదటి పోకెమాన్ ఆటలు విడుదలయ్యాయి. గడ్డిలో, నీళ్లలో, గుహల్లో దాక్కున్న వింత జీవుల్ని పట్టాలి, పెంచాలి, పోటీకి దింపాలి. అంతే ఆట!

వినడానికి తేలికే. కానీ 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ ఆటల్లో ఓ గుడి ఉంది. ఎంత చేయి తిరిగిన ఆటగాడైనా అక్కడికొచ్చి తెల్లమొహం వేయాల్సిందే.

ఆ గుడి ఉన్న ఊరు స్నోపాయింట్. ఉత్తరాన, మంచులో కూరుకుపోయిన పట్టణం. ఆట అసలు కథ ముగిస్తే తప్ప లోపలికి రానివ్వరు. లోపల నేలంతా మంచు. ఒక్కడుగు వేస్తే చాలు, ఏదో ఒకటి అడ్డు తగిలేదాకా జారుకుంటూ పోవడమే. ఎక్కడ బయల్దేరితే ఎక్కడ ఆగుతామో ముందే లెక్కేసుకోవాలి. అలా అంతస్తు తర్వాత అంతస్తు దిగి అట్టడుగుకి చేరితే ఎదురుగా పెద్ద విగ్రహం. పేరు రెజిగిగాస్. పూర్వం ఖండాలనే తాళ్లు కట్టి లాగిందని ఆటలో చెప్పే కథ. దగ్గరికెళ్లి పలకరిస్తే... ఉలకదు, పలకదు!

అది కళ్లు తెరవాలంటే రాతి రెజిరాక్, మంచు రెజైస్, ఉక్కు రెజిస్టీల్ అనే మూడు జీవులు ఆటగాడి వెంట ఉండాలి. చిక్కేమిటంటే ఆ మూడూ ఈ ఆటలో దొరకవు. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ లాంటి పాత ఆటల్లో పట్టుకుని, ఆ క్యాట్రిడ్జ్‌ని నింటెండో డీఎస్‌లో పెట్టి కొత్త ఆటలోకి తెచ్చుకోవాలి. ఒకసారి వచ్చాక వెనక్కి పోవు. అంటే ఈ గుడి తాళంచెవి నాలుగేళ్ల కిందటి ఆటలో ఉందన్నమాట!

మరి అక్కడైనా సులువుగా దొరుకుతుందా? సముద్రంలో సరైన చోట మునిగి, లోపలి గుహలో తేలాలి. గోడ మీద చుక్కలు కనిపిస్తాయి. అలంకారం అనుకుంటే అక్కడితో ఆట ఆగినట్టే. అది బ్రెయిలీ లిపి. చదివితే ముందు గోడ తవ్వమని తెలుస్తుంది. ఆ పైగదిలో ఇంకో రాత. జట్టులో మొదట రెలికాంత్ చేపని, చివర వెయిలార్డ్ తిమింగలాన్ని నిలబెట్టమని. అలా నిలబెడితే భూమి కంపిస్తుంది. ఎక్కడో దూరాన మూడు గుహల తలుపులు తెరుచుకుంటాయి.

ఆ మూడింటిలోనూ మళ్లీ చుక్కలే. రెజిరాక్ గుహలో కుడికి రెండడుగులు, కిందికి రెండడుగులు వేసి బలం చూపాలి. రెజిస్టీల్ దగ్గర గది నడిమధ్యన నిలబడి ఎగిరే విద్య వాడాలి. అన్నిటికన్నా చిత్రం రెజైస్ గుహ. అక్కడ చేయాల్సింది ఏమీ లేదు. ఏ బటనూ నొక్కకుండా రెండు నిమిషాలు ఊరికే ఆగాలి. చేతులు ఊరుకోని కుర్రాళ్లకి అంతకన్నా పెద్ద పరీక్ష ఉంటుందా!

ఫ్రాన్స్‌లో లూయీ బ్రెయిలీ ఈ లిపిని 1824 నాటికే రూపొందించాడు. అప్పటికతని వయసు పదిహేనేళ్లు. ఆరు చుక్కల అమరికలోనే అన్ని అక్షరాలూ. మన తెలుగు అఆలు కూడా భారతీ బ్రెయిలీలో ఆ ఆరు చుక్కల్లోనే ఇముడుతాయి. చూపున్న పిల్లలు ఎందరో ఈ లిపిని కూడబలుక్కున్నది ఈ ఆట కోసమే. అయితే ఓ వెలితి ఉంది. తెర మీది చుక్కలు వేలికి తగలవు. ఆ లిపి ఎవరిదో వాళ్లకే ఆ గోడ అందదు.

లిపి చదవగలిగితేనే తలుపు తెరుచుకోవడం ఆటకే పరిమితం కాదు. ఉట్నూర్‌కి దగ్గర్లోనే నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరుంది. గోండి భాషకున్న ఓ సొంత లిపి రాతప్రతులు అక్కడ బయటపడ్డాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటి మీద పనిచేసే నాటికి ఆ అక్షరాలు చదవగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అందరూ వయసు మీదపడ్డవాళ్లే. వాళ్లూ లేకుండా పోతే? కాగితాలుంటాయి, గీతలుంటాయి. స్నోపాయింట్ విగ్రహంలాగే పలకకుండా.

అదృష్టం బాగుండి అలా జరగలేదు. తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని అక్షరాలు ఒక్కొక్కటిగా పోల్చుకున్నారు. అచ్చుకి అనువైన అక్షరాలు తయారయ్యాయి. పిల్లలకి నేర్పడం మొదలైంది. 2018లో యూనికోడ్ 11లో గుంజాల గోండి లిపికి చోటు దక్కింది. కంప్యూటర్లూ ఫోన్లూ ఆ అక్షరాల్ని గుర్తుపట్టే వీలు ఏర్పడింది.

ఇంతకీ గుడిలో ఏమవుతుంది? మూడు జీవులూ వెంట ఉంటే విగ్రహం నిద్రలేస్తుంది. లేచినా మొదటి అయిదు ఎత్తుల దాకా మగతలోనే ఉంటుంది, బలం సగమే. పట్టుకోదలచినవాళ్లకి మంచి అదను అదే.

రూబీ, సఫైర్ కొన్నవాళ్లకి బ్రెయిలీ అక్షరాల పట్టిక ఆట వెంట వచ్చిన చిన్న పుస్తకంలోనే ఉంది. గుంజాల లిపికి ఆ పుస్తకం ఊళ్లోని ముసలివాళ్లే. మీ ఇంట్లోనూ తాతగారి పాత దస్తావేజో, నానమ్మ లెక్కల పుస్తకమో పెట్టె అడుగున ఉండే ఉంటుంది. చదివి చెప్పేవాళ్లు ఉండగానే ఓ ఆదివారం తీసి పక్కన కూర్చోండి. రెజైస్ గుహలో ఆగినట్టు, తొందరపెట్టకుండా!