వేగాన్ని తూచే కాటాకు ముద్ర ఉన్నదా?

మిరప బస్తా కాటా మీద పెట్టినప్పుడు రైతు చూపు ముల్లు మీదనే ఉంటుంది. ఆ కాటాకు తూనికలు, కొలతల శాఖ వారి ముద్ర ఉన్నదా లేదా అని అడిగే హక్కు అతనికి ఉన్నది. కిలో తేడా వచ్చినా ఊరుకోడు. మరి రోడ్డు మీద మన బండి వేగాన్ని తూచే యంత్రానికి ముద్ర ఉన్నదా అని అడిగినవారు మన పల్నాడులో ఎందరు?

ఈ ప్రశ్నకు కారణం లేకపోలేదు. ఆ మధ్య ఈ విలేకరికే వెయ్యి రూపాయల చలానా వచ్చింది. అరవై దాటరాని చోట డెబ్బై ఎనిమిది వేగంతో పోయానట! బండి పాతది. వెనుక పురుగుమందు డబ్బాల పెట్టె కట్టి ఉన్నది. ఫోటోలో నా బండితో పాటు, పక్కనుంచి దాటిపోతున్న కారు కూడా స్పష్టంగా కనబడుతున్నది. ఆ వేగం దేనిదో ఫోటో చూచి చెప్పలేము. విచారిద్దామని ఒక కార్యాలయానికి పోతే, "యంత్రం అబద్ధం చెప్పదు, కట్టేయండి" అన్నారు. పని మానుకుని మళ్ళీ మళ్ళీ తిరగలేక కట్టివేశాను. మిరప కోతకు పోయే మనిషికి అది రెండు, మూడు రోజుల కూలి.

యంత్రం అబద్ధం చెప్పదు, నిజమే. కాని పొరబడుతుంది. లేజర్ గన్ను నుంచి వెళ్ళిన కిరణం వాహనానికి తగిలి తిరిగి వచ్చే కాలాన్ని బట్టి దూరాన్ని, ఆ దూరం మారే తీరును బట్టి వేగాన్ని యంత్రం లెక్క కడుతుంది. దూరం పోయినకొద్దీ ఆ కిరణం వెడల్పవుతుంది. గురి పెట్టిన చేయి కదిలి, కిరణం బండి మీద ఒక చోటినుంచి మరొక చోటికి జారితే లెక్క తప్పవచ్చు. రాడార్ కిరణం ఇంకా వెడల్పు. చిన్న బండి పక్కన సిమెంటు లారీ పోతుంటే, లారీ వేగాన్నే పట్టుకోవచ్చు. నంబరు పలక మీద బురద పడి ఒక్క అంకె మారిందా, ఒకరి జరిమానా మరొకరి ఇంటికి పోతుంది.

ఇది పల్లెటూరి వాళ్ళ అనుమానం మాత్రమే కాదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, ఎర్ర దీపం వద్ద ఆగి ఉన్న కారు గంటకు 38 మైళ్ళు, అంటే సుమారు 61 కిలోమీటర్ల వేగంతో పోయినట్లు కెమెరా జరిమానా వేసింది. ఆ సంగతిని 2012లో అక్కడి పత్రిక బయటపెట్టింది. మరుసటి సంవత్సరం నగరం ఆ కెమెరాలను నిలిపివేయవలసి వచ్చింది.

మన చట్టం కూడా యంత్రాన్ని గుడ్డిగా నమ్మమనలేదు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 167ఎ నియమం ప్రకారం ఇటువంటి యంత్రానికి ప్రభుత్వం నిర్ణయించిన అధికారి ఆమోదపత్రం ఉండాలి. దానిని ఏటేటా పునరుద్ధరించాలి. కెమెరా ఉన్న దారిలో ముందుగానే హెచ్చరిక బోర్డు పెట్టాలి. చలానాలో నంబరు కనిపించే ఫోటో, యంత్రం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం ఉండాలి. ఇక రాడార్ యంత్రాలను పరీక్షించి ముద్ర వేసిన తరువాతనే వాడాలన్న తూనికలు, కొలతల నియమం 2025 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అంటే మన కాటాకు ఏ న్యాయమో, దానికీ అదే న్యాయం.

ఇంత చెప్పడం కెమెరాలు తీసివేయమని కాదు. పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా పోయే రోడ్డు మీద లారీల జోరు చూచినవాడెవడూ ఆ మాట అనడు. వేగం రెట్టింపయితే బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. కుర్రవాళ్ళకు ఈ లెక్క ఇంట్లో పెద్దలే చెప్పాలి. పైగా మన మీటరు కూడా తప్పు చూపవచ్చు. అసలు కొలత కంటే పెద్ద టైరు వేయిస్తే మీటరు ఉన్న వేగం కంటే తక్కువ చూపుతుంది. పరీక్షించుకోవడం కష్టం కాదు. ఒకే వేగంతో పోతూ, వెనుక కూర్చున్నవారిని గడియారం చూడమనండి. ఒక కిలోమీటరు రాయి నుంచి మరొక రాయికి అరవై సెకన్లు పడితే వేగం అరవై, నలభై అయిదు పడితే ఎనభై.

తప్పు చేసినవాడు జరిమానా కట్టవలసిందే. కాని చేయనివాడు కూడా, కోర్టు చుట్టూ తిరగలేక కడుతున్నాడంటే అది న్యాయం కాదు. కనుక జిల్లా అధికారులు మూడు పనులు చేయాలి. యంత్రాన్ని చివరిసారి పరీక్షించిన తేదీని ప్రతి చలానా మీద వేయాలి. కెమెరా ఉన్న ప్రతి చోటా ముందుగా, తెలుగులో, కనబడేటట్లు బోర్డు పెట్టాలి. నెలకు ఒక రోజు మాచర్లలోను, గురజాలలోను, నరసరావుపేటలోను ఒక అధికారి కూర్చుని, చలానా వచ్చినవారికి ఫోటో చూపించి, వారు చెప్పేది వినాలి.

సరిగా తూచే కాటా యజమాని ముద్ర చూపడానికి వెనుకాడడు. పోలీసువారు కూడా వెనుకాడరని ఆశిద్దాం.