సభాకార్యక్రమము: ఎవరి కాలము?

వృత్తిసంఘముల మహాసభలకు ఆహ్వానపత్రములు వచ్చుచునే యున్నవి. విప్పి చూచిన నేమి కన్పట్టును? జ్యోతిప్రజ్వలనము, స్వాగతము, ప్రారంభోపన్యాసము, ముఖ్యాతిథి సందేశము, సన్మానములు. పనిచేయువారి మాట యెక్కడ? పత్రము కడపట, ప్రొద్దుగ్రుంకు వేళ, పదుగురికి కలిపి యొక గంట!

గ్రంథాలయోద్యోగుల సభలలో నీ దోషము మఱింత వింతగా దోచును. 1914వ సంవత్సరమున బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయ సేవకులు కూడినది సన్మానములకు గాదు. ఊరూర చెదరియున్న గ్రంథాలయముల నొక్క సంఘముగా గూర్చుటకు. 1931లో రంగనాథన్ గారు ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును కాపాడు మనుచున్నది. ఆ సూత్రమును కంఠస్థము చేసినవారే సభికుల పూటనంతయు పూలదండలకు ధారపోయుట న్యాయమా?

“పెద్దలను గౌరవింపకున్న ధనసహాయ మెట్లు వచ్చు?” నందురు. గౌరవింపుడు, దానికి అరగంట చాలును. వ్యాసములను ముందుగా ముద్రించి పంపుడు. సభలో చదువుట మాని చర్చింపుడు. మొదటి పూటను పల్లె గ్రంథాలయముల నొంటరిగా నడపు స్త్రీపురుషులకిండు. తాళము వేసిన తలుపును జూచి మరలిపోవు బాలుని సంగతి వారికి దెలియును గాని ముఖ్యాతిథికి దెలియదు.

అన్నిటికంటె ముందు, గత సంవత్సరపు తీర్మానములను జదివి, నెరవేరినవెన్నో, మూలబడినవెన్నో లెక్క చెప్పుడు. ఆ లెక్క చెప్పజాలనిది తిరునాళ్లే గాని సభ గాదు.